గాలివాన పిదప గూడు: ఉద్దానపు చందాను గూర్చి యొక పాఠము

ఇల్లు కూలినవానికి ఇల్లు నిలిపియిచ్చుట మంచిపని యని యొప్పుకొననివారు మనలో లేరు. అట్టి పనికై చందాపుస్తకము గుమ్మమువఱకు వచ్చినపుడు ఎంతో కొంత వ్రాయక త్రిప్పిపంపు గృహస్థులును అరుదు. అయినను, ఏ యాపదకు ఎంత యియ్యవలెనో దేనినిబట్టి నిర్ణయించుకొనుచున్నామని మనలను మనము ప్రశ్నించుకొన్నయెడల సిగ్గుపడదగిన సమాధానము వచ్చును. పత్రికలో మృతుల సంఖ్య పెద్దదిగా నున్నప్పుడు మన చేయి పెద్దదగును; ఆ సంఖ్య చిన్నదిగా నున్నప్పుడు "దైవము కాపాడినది" యని నిట్టూర్చి పుట మఱలింతుము. చచ్చినవారికి ఇంటితో పని లేదు. ఇల్లు కావలసినది బ్రతికినవారికి. చచ్చినవారి లెక్కను బట్టి బ్రతికినవారికి గూడు కొలిచియిచ్చుట ఎంత విపరీతమో చదువరులే యోచింపవలెను. ఈ విపరీతమువలన మన శ్రీకాకుళపు తీరమున ఏమి జరిగెనో చూపుటకే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

భూకంపమునకును గాలివానకును ఒక ముఖ్యమైన భేదము కలదు. భూకంపమున బరువైన కప్పు మనుష్యునిమీద పడును. గాలివానలో తేలికైన కప్పు మనుష్యుని విడిచి ఎగిరిపోవును. 1993 వ సంవత్సరము సెప్టెంబరు 30 వ తేదీ తెల్లవాఱుజామున మహారాష్ట్రములోని కిల్లారి ప్రాంతమున భూమి కంపించినపుడు, రాతిగోడలమీద మందముగా పఱచిన మట్టికప్పులు నిద్రించుచున్నవారిపై గూలి వేలకొలది జనులు మడిసిరి. దేశమంతయు గుండె బాదుకొనెను; ధనము ప్రవాహమువలె వచ్చెను. గాలివానయందు ముందుగా హెచ్చరిక యందెనేని జనులు బడులలోను తుపాను రక్షణభవనములలోను చేరి ప్రాణములు దక్కించుకొందురు. తిరిగి వచ్చి చూచునప్పటికి గోడలుండును, కప్పు ఉండదు. లేదా గోడలును ఉండవు. ఇట్టి ఆపదలో ఏడ్చుటకు శవము లేదు గనుక దానిని ఆపదయని నమ్మించుట కూడ కష్టమగుచున్నది.

2018 వ సంవత్సరము అక్టోబరు 11 వ తేదీన, దేవీనవరాత్రులు ఆరంభమైన మఱునాడు, వేకువ నాలుగున్నర అయిదున్నర గంటల నడుమ తిత్లీ యను తుపాను పలాసకు సమీపమున తీరము దాటెను. గాలివేగము గంటకు 140 మొదలు 150 కిలోమీటరులు. విసురు 165 దాక. తిత్లీ యనగా హిందీ ఉర్దూ భాషలలో సీతాకోకచిలుక. పేరు పెట్టుటలో ఇంతటి పరిహాసము మఱి యుండదు. వజ్రపుకొత్తూరు, మందస, పలాస, సోంపేట, కవిటి, కంచిలి మండలములమీదను, దక్షిణమున టెక్కలి, నందిగాం, సంతబొమ్మాళి వైపునను దాని దెబ్బ తగిలెను. మహేంద్రతనయ, వంశధార పొంగెను. విద్యుత్‌స్తంభములు వేలకొలదిగా నేలకొఱిగెను. ఒడిస్సాలోని గజపతి జిల్లాలో కొండచరియ విఱిగి అనేకులు చనిపోయిరి గాని మన జిల్లాలో ప్రాణనష్టము తక్కువ. 1977 నవంబరు 19 నాటి దివిసీమ యుప్పెనలో పదివేలమంది వఱకు కొట్టుకొనిపోయిన తీరమే గదా యిది. నలుబదియొక్క సంవత్సరములలో హెచ్చరికలు, రక్షణభవనములు, దారులు ఎంత మేలు చేసినవో ఈ భేదమే చెప్పుచున్నది. అందుకు సంతోషింపవలసినదే. అయితే ఆ సంతోషమే చందాపుస్తకమునకు శత్రువయ్యెను.

ఆ సంవత్సరమే ఆగస్టులో కేరళమును వరదలు ముంచినపుడు తెలుగువారు ధారాళముగా నిచ్చిరి. మేమును ఇచ్చితిమి, ఇప్పించితిమి. రెండు నెలలు తిరుగకమునుపే మా జిల్లాపేరు చెప్పి అవే గుమ్మములు ఎక్కినపుడు ఒక విద్యావంతుడు, మంచివాడు, "ఎందఱు పోయిరి?" అని యడిగెను. సంఖ్య చెప్పితిమి. "అంతేనా!" అనెను. ఆ యొక్కమాటలో మా ముందున్న కష్టమంతయు ఇమిడియున్నది. పోయినవి చెట్లు, కప్పులు. వాటికి శ్రాద్ధము పెట్టువారు లేరు.

చెట్టు పోయిన ఇల్లు పోయినట్లేనా యని కొందఱు ఆక్షేపించిరి. ఉద్దానమును చూడనివారు అడుగదగిన ప్రశ్నయే. ఉద్యానమను మాటయే ఉద్దానమైనదని అక్కడివారు చెప్పుదురు. సముద్రపు టొడ్డున ఇసుకనేలలో కొబ్బరి, జీడిమామిడి, పనస, మామిడి కలిసి పెరిగిన యీ తోటలసీమను చూచి, రెండవ కోనసీమయని పిలుచువారు కలరు. అక్కడ ఇంటికిని తోటకును నడుమ గోడ లేదు. కొబ్బరికమ్మ అల్లిన తడికయే ప్రక్కగోడ, ముదురు మానే దూలము, పీచుతాడే కట్టు, మట్టయే వంటచెఱకు, కాయ అమ్మిన డబ్బే పిల్లవాని బడిజీతము. జీడిగింజలు పలాస కాశీబుగ్గలలోని కర్మాగారములకు పోవును; అక్కడ గింజ కొట్టి పప్పు ఒలిచి కూలి తెచ్చుకొను స్త్రీలలో అనేకులు ఈ పల్లెలవారే. తోట పడినపుడు యజమాని కెంత నష్టమో, పప్పు ఒలుచు స్త్రీకిని అంత నష్టము. కాని పరిహారపు పట్టికలో చెట్టుగలవాని పేరుండును, చెట్టునీడను బ్రతికినదాని పేరుండదు.

కొబ్బరిమొక్క నాటిన అయిదాఱేండ్లకు గాని కాపు మొదలుపెట్టదు. నిండుకాపునకు ఇంకను కొన్నియేండ్లు కావలెను. జీడిమామిడి మూడు నాలుగేండ్లకు పూతకు వచ్చును గాని నిండైన ఫలసాయమునకు పదియేండ్లు చూడవలసినదే. ఏడున్నర మీటరుల యెడముతో నాటినయెడల ఎకరమునకు సుమారు 70 కొబ్బరిచెట్లు పట్టును. అరయెకరము తోటగల కుటుంబము 35 చెట్లతో బ్రతుకుచుండెను. తాత నాటినవి మనుమడు కోసికొనుచుండెను. అవి ఒక్క వేకువలో పడిపోయినవి. ఇట్టి కుటుంబమునకు మనము పంపిన నాలుగు రేకులు, ఒక దుప్పటి, పది శేరుల బియ్యము ఎంతకాలము గూడు కాగలవు? రేకులక్రింద మూడు నెలలు పడియుండి, నాలుగవ నెలలో పెద్దకొడుకు చెన్నపట్నమునకో, గుజరాతులోని వెరావలు రేవునకో కూలికి పోవును. ఇల్లుండును, ఇంటివాడుండడు. దానిని ఆశ్రయమనుట కష్టము.

మేము చేసిన తప్పులను దాచి యితరులకు పాఠము చెప్పుట న్యాయము కాదు గనుక వాటిని వరుసగా చెప్పుదుము.

మొదటిది బట్టలమూటలు. దారులు తెఱచిన వెంటనే మేము కొందఱము మిత్రులము కలిసి పట్టణములో ఇంటింట తిరిగి, మూటలు కట్టి, పలాసకును సముద్రమునకును నడుమనున్న ఒక పల్లెకు తీసికొనిపోయితిమి. ఆ యూరిపేరు వ్రాయము. పుచ్చుకొన్నవాని పేరు అచ్చువేయుట ఇచ్చినవానికి గొప్పగాని పుచ్చుకొన్నవానికి కాదు. బడివసారాలో మూటలు విప్పితిమి. లోపలనుండి బొత్తాములు లేని కోటులు, పెండ్లినాటి జరీజాకెట్లు, ఒక్కకాలి బూటు బయటపడినవి. మాకు తల వంచుకొనవలసివచ్చెను. ఒక ముసలామె చేత తాటాకు పట్టుకొని నిలుచుండి, "బాబూ, గుడ్డలు నాకున్నాయి. ఈ ఆకు కట్టడానికి తాడూ, నిట్రాటకి ఓ కర్రా ఇప్పించగలరా?" అని యడిగెను. మాయొద్ద తాడు లేదు. మూడు బండ్ల బట్టలు తెచ్చిన మాకు ఒక చుట్ట తాడు తేవలెనని తోచలేదు. అడుగకయే ఇచ్చుట ఔదార్యమని మనవారు పొగడుదురు. అడిగి తెలిసికొని ఇచ్చుట అంతకంటె మేలైన ఔదార్యమని ఆనాడు మాకు తెలిసెను.

రెండవది పట్టిక. ఊరిలో నొక పెద్దమనిషి ఇండ్లు పోయినవారి పేళ్లు వ్రాసియిచ్చెను. అక్షరములు ముత్యములవలె నుండెను; మేము నమ్మితిమి. పదిదినముల తరువాత ఊరిచివర కాలువ దాటి పోయి చూతుము గదా, అక్కడ నొక పేట కలదు. అందులో నున్న కుటుంబములలో ఒక్కటియు పట్టికలో లేదు. అడుగగా ఆయన, "వారిది వేఱు లెక్క" అనెను. కులభేదమును ఖండించుచు ఉపన్యాసములిచ్చిన మేమే ఆ భేదమును మా చందాసొమ్ముతో మఱికొంత గట్టిపఱచితిమి. అటుపిమ్మట మేము ఒక నియమము పెట్టుకొంటిమి. ఊరిచివరినుండి లెక్క మొదలుపెట్టి నడివీథికి రావలెను. ఎవరు వ్రాసియిచ్చినను పట్టికను బహిరంగముగా చదివి వినిపించి, వినువారిలో స్త్రీలును ఉండునట్లు చూడవలెను. ఈ నియమమువలన పని ఆలస్యమగును, కొందఱు పెద్దలకు కోపమును వచ్చును. అయినను మఱియొక దారి మాకు కనబడలేదు.

మూడవ తప్పు చిన్నదిగా తోచును గాని ఫలమునందు పెద్దది. మేము రేకులిచ్చి, ఖర్చు తగ్గించుటకై వాటిని బిగించు కొక్కెపు బోల్టులను ఇయ్యమైతిమి. జనులు రేకులమీద రాళ్లును ఇసుకబస్తాలును పెట్టుకొనిరి. 2021 సెప్టెంబరు 26 వ తేదీ రాత్రి గులాబ్ తుపాను కళింగపట్నమునకు ఉత్తరమున తీరము దాటినపుడు ఆ రేకులలో కొన్ని మరల లేచిపోయినవి. రేకు వెల పెద్దది, బోల్టు వెల స్వల్పము. స్వల్పమును మిగిల్చి పెద్దదానిని గాలికి ఒప్పగించితిమి. గాలి రేకును పైనుండి నొక్కదు, క్రిందనుండి ఎత్తును. ఈ యొక్క సంగతి తెలియనివాడు తీరప్రాంతమున ఇంటికి చందా పోగుచేయరాదు. కప్పును దూలమునకు, దూలమును స్తంభమునకు, స్తంభమును పునాదికి వరుసగా కట్టివేయవలెను. రెండువైపుల వాలుకంటె నాలుగువైపుల వాలు గల కప్పు గాలికి నిలుచును. వసారా కప్పును ఇంటికప్పుతో కలుపక వేఱుగా వేసినయెడల, వసారా పోయినను ఇల్లు దక్కును. మన యుత్తరాంధ్ర తీరపు జాలరుల ప్రాచీనమైన చుట్టిల్లు ఈ శాస్త్రమును పుస్తకము లేకయే ఎఱిగినది. గుండ్రని మట్టిగోడ, దానిపై ఇంచుమించు నేలవఱకు వంగిన శంకువువంటి తాటాకు కప్పు. గాలికి పట్టుదొరకు మూల అందు లేదు. నాగరికత యని మనము చూపిన నాలుగుమూలల రేకులషెడ్డు గాలికి నాలుగుచేతు లందించినట్లున్నది. చుట్టింటికి మఱల పొమ్మని మేము చెప్పుట లేదు. ఏటేట ఆకు మార్చుటకు ఇప్పుడు ఆకును దొరకదు, నేర్పరులును తగ్గిరి. అయితే అందలి బుద్ధిని క్రొత్తయింటిలోనికి తెచ్చుకొనుటకు అడ్డేమి?

ఈ విషయమున పూర్వులేమి చేసిరో తెలిసికొనుట అవశ్యకము. 1934 జనవరి 15 వ తేదీని బీహారు భూకంపము వచ్చినపుడు బాబు రాజేంద్రప్రసాదుగారు చెఱసాలనుండి వెలువడిన వెంటనే సహాయసంఘము నిర్మించి దేశమంతటినుండి లక్షలకొలది రూపాయలు పోగుచేసిరి. అప్పుడే గాంధీమహాత్ములు ఈ యుత్పాతము అస్పృశ్యతాపాపమునకు దైవము విధించిన శిక్ష యనిరి. రవీంద్రనాథ ఠాకురు ఆ మాటను ఆక్షేపించి, ప్రకృతిలోని యుపద్రవమునకు ప్రకృతిలోనే కారణములుండునని వ్రాసిరి. గాంధీగారు ఆ యాక్షేపణను తమ హరిజన పత్రికలోనే ప్రచురించి బదులు వ్రాసిరి. అస్పృశ్యత పాపమని యిరువురును నమ్మినవారే; భేదమెల్ల కప్పు కూలినవానికి ఆ క్షణమున ఏమి చెప్పవలెననుదానియందే. ఈ వివాదమున మేము రవీంద్రుని పక్షమువారము. తిత్లీ పిదప కూడ ఉద్దానమున "ఏమి పాపము చేసితిమో" యను మాట అనేకుల నోట వింటిమి. చందా తీసికొనిపోవువారు ఆ మాటకు తల ఊపరాదు. బంగాళాఖాతము వేడియెక్కినపుడు ఆశ్వయుజ కార్తికములలో వాయుగుండములు పుట్టును. 2013 లో ఫైలిన్ అక్టోబరు 12 న గోపాలపురముదాపున, 2014 లో హుద్‌హుద్ అదే 12 న విశాఖపట్నమున, 2018 లో తిత్లీ 11 న పలాసదాపున తీరము దాటినవి. పాపము పంచాంగము చూచుకొని రాదు, ఋతువు వచ్చును.

ఆ బీహారులోనే పియేర్ సెరెసోల్ అను స్విట్జర్లాండు దేశస్థుడు కొందఱు మిత్రులతో వచ్చి, పార గంప పట్టి గ్రామస్థులతో కలిసి ఇండ్లు కట్టెను. ధనము పంపుటకంటె దేహశ్రమ పంపుట గొప్పయని ఆయన మతము. మనబోటి కలముపట్టినవారు వెళ్లి గోడ కట్టినచో ఆ గోడ ఎన్నాళ్లు నిలుచునో చెప్పజాలము గాని, ఆ మార్గములో గౌరవింపదగినది ఒకటి కలదు: ఇంటివాడు కూర్చుండి చూచుచుండగా పరాయివాడు ఇల్లు కట్టి తాళపుచెవి చేతికిచ్చు పద్ధతి అందు లేదు.

దివిసీమ యుప్పెననాడు నందమూరి తారకరామారావుగారు, అక్కినేని నాగేశ్వరరావుగారు మొదలగు నటులు ఊరూర తిరిగి జోలెపట్టిన సంగతి పెద్దలకు జ్ఞాపకముండును. రామకృష్ణామిషను మొదలైన సంస్థలు అక్కడ పక్కాయిండ్లు కట్టించినవి. కిల్లారి పిదప అనేక గ్రామములను మొదటి చోటినుండి తొలగించి, గీతలు గీచినట్లు తిన్నని వీథులతో క్రొత్త చోట కట్టిరి. చూచుటకు చక్కగానే యున్నవి; పశువులకు చోటెక్కడ, చుట్టములపేట లెక్కడ చెదరిపోయినవని యడిగినవారికి సమాధానము దొరకలేదు. 2001 జనవరి 26 వ తేదీని గుజరాతులోని కచ్ఛప్రాంతము కూలినపుడు మఱియొక పద్ధతి విరివిగా నడచెను. డబ్బును విడతలుగా ఇంటివాని ఖాతాకే యిచ్చి, భూకంపమునకు నిలుచునట్లు ఎట్లు కట్టవలెనో చూపి, కట్టుకొను భారమును అతనికే వదలిరి. పునాది వేసిన పిదప నొక విడత, గోడ లేచిన పిదప నొక విడత. ఇందువలన ఇల్లు ఇంటివాని యిష్టము ననుసరించెను, కూలి ఊరిలోనే నిలిచెను. ఈ రెండు పద్ధతులలో రెండవదే మేలని మా యభిప్రాయము.

అయితే ఉద్దానమున దీనికొక మినహాయింపు కలదు. దానిని చెప్పకపోయినచో మేము సగము సత్యమే చెప్పినవార మగుదుము. ఆ సీమను చిరకాలమునుండి మూత్రపిండవ్యాధి పీడించుచున్నది. దాని మూలకారణము ఇదమిత్థమని శాస్త్రజ్ఞులు తేల్చియుండలేదు. ఇంటికి ఆధారమైన మగవాడు మంచమెక్కి, కొన్నాళ్లు రక్తశుద్ధిచికిత్సకై పలాసకో సోంపేటకో తిరిగి, కన్నుమూసిన ఇండ్లు ఆ పల్లెలలో అనేకము. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల వైద్యశాలయు, హిరమండలము జలాశయమునుండి త్రాగునీటిపథకమును ప్రారంభమైనవి, అది మేలే. కాని తుపానునాటి కవి లేవు. భర్తను పోగొట్టుకొని, పప్పు ఒలిచి యిద్దఱు పిల్లలను సాకుచున్న స్త్రీకి "నీ యిల్లు నీవే కట్టుకొమ్ము, విడతలుగా నిత్తుము" అనుట ఆత్మగౌరవబోధ కాదు, క్రౌర్యము. మొదటి విడత రావలెనన్న పునాది త్రవ్వవలెను, త్రవ్వువారెవరు? ఇట్టి యిండ్లకు కూలియు చందానుండియే యీవలెను. మేము మొదట దీనిని గ్రహింపక రెండు కుటుంబములను ఒక యేడు బరకము క్రింద నుంచితిమి.

ఇక చందా యెట్లు పోగుచేయవలెనను విషయము. ఆపద జరిగిన వారములో మనస్సు మెత్తగా నుండును. అప్పుడే పెద్దమొత్తము వ్రాయించుకొనవలెనని అనుభవజ్ఞులు చెప్పుదురు. మేము వేఱుగా చేయ మొదలిడితిమి. ఒక్కసారి 5,000 రూపాయలు ఇయ్యదలచినవారిని, అయిదేండ్లు నెలకు 500 వంతున నియ్యుడని వేడుకొంటిమి. కొందఱు నవ్విరి, కొందఱు కోపించిరి, కొందఱు ఒప్పుకొనిరి. లెక్క చూడుడు: నలుబదిమంది నెలకు 500 ఇచ్చినయెడల నెలకు 20,000, అయిదేండ్లకు 12,00,000. మొక్క కాపునకు వచ్చునంత కాలము చందాయు బ్రతికియుండును. మొదటి నెలలలో ఆ సొమ్ము బరకములకు, తాళ్లకు, బోల్టులకు పోవును. పిదప ఱంపములకు పోవలెను. ఇది విని చందాదారులు ఆశ్చర్యపడిరి. పడిన కొబ్బరిమానులను తోటలోనే వదలినయెడల అవి కుళ్లి, వాటిలో కొమ్ముపురుగు పెరిగి, క్రొత్తగా నాటిన మొక్కల మొవ్వును తొలిచివేయును. కావున మానులను కోసి తొలగించుటకు కూలి యియ్యనిదే మొక్కల నిచ్చుట వ్యర్థము. ముదురుమానుల వెలిభాగమును కోసినయెడల దూలములును వాసములును దొరకును. కూలిన తోటయే ఇంటికప్పునకు కొంత సరకు సమకూర్చును. ఆ పిమ్మట మొక్కలు, మొక్కల నడుమ అరటి, కూరగాయలు, పప్పుధాన్యముల విత్తనములు. ఇట్లు ఇంటిచందా తోటచందాగా మారి, తోటచందా మరల ఇంటిలోనికి వచ్చును.

నెలచందాకు శత్రువు మఱపు. మొదటి సంవత్సరము తరువాత మా పుస్తకమున పేళ్లు సన్నగిల్లినవి. రెండేండ్లకే కొందఱు దూరపువారివలె మాటాడిరి. వారిని నిందింపము. చూడనిదానిని జ్ఞాపకముంచుకొనుట ఎవరికైనను కష్టమే. అందువలన ప్రతి మూడు నెలలకును ఒక్క పుట లెక్క పంపితిమి: ఎంత వచ్చినది, ఎన్ని బోల్టులు, ఎన్ని మొక్కలు, ఎన్ని చచ్చినవి, తిరిగి ఎన్ని నాటిరి. చచ్చిన మొక్కల లెక్కను దాచవద్దని మాలో మేము వాదించుకొని నిశ్చయించుకొంటిమి. చిత్రమేమన, ఆ లెక్క చూచియే విడిచిపోయినవారిలో కొందఱు తిరిగి వచ్చిరి. అదే పుటను పల్లెలోని బడిగోడకును అతికించితిమి. ఇచ్చినవాడు చూడదగిన లెక్కను పుచ్చుకొన్నవాడు చూడరాదా? ఛాయాపటములు మాత్రము పంపలేదు. రేకు చేతికిచ్చుచు నవ్వుమని చెప్పి పటము తీయుట భిక్షకుని చేత మద్దెల వాయించినట్లుండును. ఇంటిగోడమీద దాత పేరు చెక్కించుటయు మా నియమములకు విరుద్ధము. ఒక దాత ఇందుకై తన సొమ్ము వెనుకకు తీసికొనెను, మేము మఱుమాట లేక ఇచ్చివేసితిమి. పెద్దమొత్తమే. ఆనాడు మాలో కొందఱికి కంట నీరు వచ్చిన మాట నిజము.

తిత్లీ జరిగి ఇప్పటికి ఏడేండ్లు దాటినవి. మఱుసటి యేడు నాటిన కొబ్బరిమొక్కలు నేడు గెలవేయు వయస్సున నున్నవి. జీడిమామిడి పూత చూచితిమి. వెరావలునుండి తిరిగి వచ్చినవారు కొందఱు, రానివారు కొందఱు. మేము మొదట మూటలు విప్పిన బడివసారాలోనే మొన్న లెక్కపుట చదివితిమి. మాలో నొకడు నిలువ సొమ్మును మఱియొక జిల్లాకు పంపుదమనెను. కాలువయవతలి పేటనుండి వచ్చిన ఒక స్త్రీ లేచి, ఆశ్వయుజమునకు ముందు ప్రతి యింటి బోల్టులు చూచి, త్రుప్పుపట్టినవి మార్చుటకు ఏటేట కొంత యుంచవలెననియు, ఆ పనికి తమ పేటనుండి యింటికి పది రూపాయల వంతున తామును వేయుదుమనియు చెప్పెను. పుస్తకములో ఆమె పేటపేర ఒక క్రొత్త పుట తెఱచితిమి. నిలువ సొమ్మును పంపలేదు. బోల్టులు కొనుటకు కాశీబుగ్గ బజారున ధర విచారించుచున్నాము.